ఆటల పండుగ మీద మూడు గంటల డాక్యుమెంటరీ తీయడం ఎలా

ఒలింపిక్స్ కావచ్చు, ఆసియా క్రీడలు కావచ్చు, కామన్వెల్త్ క్రీడలు కావచ్చు. ఒలింపిక్స్ అయితే పదహారు రోజులు, ముప్ఫైకి పైగా ఆటలు, వేలమంది క్రీడాకారులు. మీ సినిమా బయటికొచ్చేసరికి ఎవరు గెలిచారో చూసేవాళ్లందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఫలితం కోసం ఎవరూ టికెట్ కొనరు. అందుకే మొదటి కెమెరా అద్దెకు తెచ్చేలోపే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ సినిమాలో ఏం ఉండదు?

దానికి పనికొచ్చే పద్ధతి, ఒక ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోవడం. "ఒళ్లు అలసిపోయాక మనిషి ముఖం ఎలా మారుతుంది?" "జట్టు లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్లకు ఈ పదహారు రోజులు ఎలా గడుస్తాయి?" ఇలా ఏదైనా సరే. "క్రీడాస్ఫూర్తి" అని రాసుకుంటే మాత్రం ఏ షాటూ పక్కకు పోదు, అన్నీ అందులో ఇమిడిపోతాయి. ప్రశ్న జల్లెడలా ఉండాలి, కొన్ని షాట్లయినా కిందికి రాలిపోవాలి.

1964 టోక్యో ఒలింపిక్స్ మీద జపాన్ దర్శకుడు కోన్ ఇచికావా తీసిన సినిమా దాదాపు 170 నిమిషాలు. అందులో చాద్ నుంచి వచ్చిన 800 మీటర్ల పరుగువీరుడు అహ్మద్ ఇసాకు ప్రత్యేకంగా చోటిచ్చారు. అతను ఫైనల్‌కు కూడా చేరలేదు. ఫలితాల పట్టిక చూసుకుని తీసేవాళ్లయితే అతని మీద కెమెరా పెట్టేవాళ్లే కాదు.

ఆ సినిమా నుంచి ఇంకో పాఠం కూడా ఉంది, ఇది కాగితాల పనికి సంబంధించినది. సినిమా చూసిన జపాన్ ఒలింపిక్ వ్యవహారాల మంత్రి కోనో ఇచిరో, ఇది రికార్డులా లేదని తప్పుబట్టారు. ఆట ఆటకూ ఫలితాలతో రికార్డు కావాలన్నది డబ్బు పెట్టినవాళ్ల ఆశ, మనుషుల్ని చూపించాలన్నది దర్శకుడి ఆలోచన. ఆ రగడ మీకొద్దనుకుంటే ఒప్పందంలోనే రెండు సంగతులు రాయించుకోండి. ఒకటి, తుది కూర్పు మీద ఆఖరి మాట ఎవరిది. రెండు, నిర్వాహకులకు అన్ని ఫలితాలతో రికార్డు కావాలంటే దాన్ని వేరే సినిమాగా, వేరే బడ్జెట్‌తో కట్టి ఇస్తారని. ఈ రెండో వాక్యం ఉంటే ఎడిటింగ్ గదిలోకి వచ్చి "మా విలువిద్య ఏదీ?" అని అడిగేవాళ్లకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

అనుమతులు

మైదానం లోపలి దృశ్యాల మీద హక్కు నిర్వాహకులది, వాళ్లకు డబ్బు కట్టిన ప్రసార సంస్థలది. విలేకరి పాస్‌తో లోపలికెళ్లి తీసింది సినిమాలో వాడుకోవడానికి పనికిరాదు. కొన్ని వేదికల్లో హక్కుల్లేనివాళ్లను వీడియో కెమెరా బయటికి తీయనివ్వరు కూడా. కాబట్టి రెండు దారులే. నిర్వాహకులతో నేరుగా ఒప్పందం చేసుకుని మీ కెమెరాలు లోపలికి తీసుకెళ్లడం, లేదా పోటీ దృశ్యాల్ని అధికారిక ప్రసారం నుంచి నిమిషాల లెక్కన కొనుక్కుని, మిగతాదంతా మైదానం బయట తీయడం. రెండో దారిలో వెళ్లినా మంచి సినిమా వస్తుంది. కాకపోతే కొనేటప్పుడు వ్యాఖ్యానం, గ్రాఫిక్స్ లేని శుభ్రమైన ఫీడ్ కావాలని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే మూలన స్కోరు పట్టీ, దానిమీద వ్యాఖ్యాత గొంతు అంటుకుని ఉన్న ఫుటేజ్ చేతికొస్తుంది, దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఎవరి మీద కథ నడపాలనుకుంటున్నారో వాళ్ల సంతకాలు పోటీలకు ముందే తీసుకోండి. మైనర్లయితే తల్లిదండ్రులవి కావాలి. డోపింగ్ పరీక్షలో నమూనా తీసుకునేచోట కెమెరాకు ప్రవేశం లేదు. గెలిచినవాళ్ల వెంట ఆ అధికారి ఒకరు నీడలా తిరుగుతుంటారు, ఆ తలుపు దాకా తీసి అక్కడ ఆగిపోవాలి.

లెక్కలు

నాలుగు కెమెరాలు, ఒక్కోటి రోజుకు 5 గంటలు, 16 రోజులు: 320 గంటల ఫుటేజ్. సెకనుకు 250 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 112 జీబీ పైచిలుకు, మొత్తం 36 టీబీ. మూడు కాపీలు ఉంచాలి కాబట్టి 108 టీబీ. 100 మెగాబిట్లకు దిగితే గంటకు 45 జీబీ, మొత్తం 14.4 టీబీతో సరిపోతుంది. ముఖాలకూ ముఖ్యమైన పోటీలకూ మొదటిది, దారిపొడవు దృశ్యాలకు రెండోది వాడటం మంచి పద్ధతి.

చోటు సంగతి అందరూ ఆలోచిస్తారు, కాపీ చేయడానికి పట్టే సమయాన్ని మరిచిపోతారు. పై లెక్కన ఒక రోజు ఫుటేజ్ 2,250 జీబీ. సెకనుకు 150 ఎంబీ రాసే మామూలు హార్డ్ డిస్కుకు దాన్ని ఎక్కించడానికి నాలుగు గంటల పది నిమిషాలు పడుతుంది. ఎక్కింది సరిగ్గా ఎక్కిందా అని సరిపోల్చి చూడటానికి మళ్లీ అంత. రాత్రి పదింటికి కెమెరాల మెమరీ కార్డులన్నీ చేతికొస్తే ఉదయం ఆరింటికి కూడా పని తెమలదు, ఏడింటికి కెమెరామన్ ఖాళీ కార్డు అడుగుతాడు. అప్పుడే సరిపోల్చకుండా కార్డు తుడిచేయడం, కాపీ కాని కార్డును ఫార్మాట్ చేయడం లాంటివి జరుగుతాయి. మందు సులువే: మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కార్డులు వెనక్కి తెప్పించుకోండి, మొదటి కాపీ వేగంగా రాసుకునే ఎస్‌ఎస్‌డీ డిస్కు మీదికి వేయండి. కాపీ పని తప్ప ఇంకేదీ ముట్టుకోని మనిషి ఒకరు ఉండి తీరాలి. రెండు చోట్ల సరిపోల్చి చూశాకే కార్డు ఖాళీ అన్నది మినహాయింపుల్లేని నియమం.

పోటీల పట్టికను వేదికలు నిలువుగా, గంటలు అడ్డంగా గీసి గోడకు అంటించండి. ఒక్కో బృందం రోజుకు రెండు వేదికలకు మించి తిరగకూడదు. ప్రయాణం, భద్రతా తనిఖీ, చోటు చూసుకోవడం అన్నీ కలిస్తే మూడో వేదిక చేరేసరికి ఆట అయిపోతుంది. అన్ని ఫైనల్సూ తీయాలనే ఆశ ముందు వదిలేయండి. తొలి రౌండ్లలో జనం తక్కువ, చోటు దొరుకుతుంది, కెమెరా ముందు ఎలా ఉండాలో ఆలోచించుకునే తీరిక ఆటగాళ్లకు ఉండదు. ఓడినవాళ్ల ముఖాలు ఎక్కువగా దొరికేదీ అక్కడే. పదిమందిని ఎంచుకుని మొదలుపెడితే రెండో రోజుకే సగంమంది ఇంటిదారి పట్టొచ్చు. వాళ్లు విమానం ఎక్కేదాకా వదలకండి.

కెమెరా ఎక్కడ, లెన్స్ ఎంత

వంద మీటర్ల పరుగును ఎదురుగా నిలబడి తీయడం అందరికీ ఇష్టం. గీత దాటాక ఇంకో 30 మీటర్ల వెనక మీ చోటు అనుకుందాం. ఆరంభం మీకు 130 మీటర్ల దూరం, ముగింపు 30 మీటర్లు. ఫ్రేములో పట్టే వెడల్పు ఎంతో తెలియాలంటే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) వెడల్పును దూరంతో గుణించి లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. అంకెతో, భాగించాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. ఒక్కో లేన్ 1.22 మీటర్లు, ఎనిమిదీ కలిపి 9.76. అటూ ఇటూ కాస్త గాలి వదిలి 12 మీటర్లు పట్టాలంటే ఆరంభంలో 390 మి.మీ. లెన్స్ కావాలి, ముగింపులో 90. అంటే 100-400 జూమ్ దాదాపు సరిపోతుంది, పది సెకన్లలో దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు లాగాలి. 400 దగ్గరే వదిలేస్తే ముగింపులో మీకు మిగిలేది 2.7 మీటర్లు, రెండు లేన్లు. గెలిచేవాడు మూడో లేన్లో ఉంటే అంతే సంగతులు.

జూమ్‌తోపాటు ఫోకస్ కూడా 130 నుంచి 30కి రావాలి. ఆటో ఫోకస్‌ను ఫ్రేము మొత్తానికి వదిలేస్తే పక్క లేన్ వాడి మీదికి గెంతుతుంది. ఒక్క మనిషి మీద కట్టేయండి. ఇంకో సంగతి, ఎదురుగా తీసిన టెలిఫోటో షాట్‌లో దూరాలు అణిగిపోయి ఎవరు ముందున్నారో అర్థం కాదు. ఫలితం చూపాలంటే పక్కనుంచి ఇంకో కెమెరా ఉండాలి. ముఖం చూపాలంటే అసలు జూమ్ లాగొద్దు, ఒక్క మనిషినే 400లో పట్టుకుని ఏమైతే అదవుతుందని వదిలేయండి. రెండూ ఒకే కెమెరాతో చేయబోతే రెండూ చెడతాయి.

స్లో మోషన్‌ను తెగ వాడేస్తారు. సెకనుకు 200 ఫ్రేములు తీసి 25 లెక్కన ఆడిస్తే ఎనిమిది రెట్లు సాగుతుంది, పది సెకన్ల పరుగు 80 సెకన్లు. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం, సెకనులో 1/50 నుంచి 1/400కి వెళుతుంది కాబట్టి వెలుతురు మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకు, పడిపోతుంది, సాయంత్రం పోటీల్లో గింజలు పడిన బొమ్మ వస్తుంది. దానికితోడు దీపాల మిణుకు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట దీపం సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది, 60 ఉన్నచోట 120 సార్లు. ప్రధాన స్టేడియంలో ప్రసారాల కోసం మిణుకు లేని దీపాలు పెడతారు గానీ వార్మప్ హాళ్లలో, సొరంగ దారుల్లో మామూలువే ఉంటాయి. అక్కడ కంటికి ఏమీ కనిపించదు, ఎడిటింగ్‌లో బొమ్మ గుండెలా కొట్టుకుంటుంది. ముందురోజు ప్రతి చోటా పది సెకన్లు 200 ఫ్రేములతో తీసి చూసుకోండి. మామూలు వేగానికి 50 హెర్ట్జ్ చోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 చోట 1/60 లేదా 1/120 క్షేమం. షట్టర్‌ను కోణంలో చూపే కెమెరాలో 25 ఫ్రేములకు 1/60 కావాలంటే 150 డిగ్రీలు పెట్టాలి.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ తీసినప్పుడు జర్మన్ దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ బృందం దూకే చోట్ల పక్కన గోతులు తవ్వి కెమెరాలు దించింది. కింది నుంచి తీస్తే మనిషి వెనక ఆకాశం మాత్రమే ఉంటుంది, జనమూ బోర్డులూ ఉండవు. ఇప్పుడు గోతులు తవ్వనివ్వరు, నేలకు ఆనించి పెట్టిన రిమోట్ కెమెరాతో ఆ కోణం దొరుకుతుంది. అదే సినిమాలో పోల్‌వాల్ట్ ఫైనల్ చీకటి పడ్డాక కూడా సాగడంతో, ఆటగాళ్లను తర్వాత పిలిపించి మళ్లీ దూకించి తీశారు. అది చేయకండి. చేసితీరాల్సి వస్తే తెరమీద ఆ మాట రాయండి. నాజీ ప్రభుత్వం డబ్బుతో, దాని గొప్ప చాటడానికి వచ్చిన సినిమా అది. కెమెరా పనితనాన్ని నేర్చుకునేటప్పుడు ఆ మాట కూడా మనసులో ఉండాలి.

గెలిచినవాడు గీత దాటగానే కెమెరా ఆపేయడమన్నది అన్నిటికన్నా ఖరీదైన తప్పు. 1964 అక్టోబరు 21న టోక్యో మారథాన్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లకు స్టేడియంలో గీత దాటాడు. దాటి కూలబడలేదు, పక్కన గడ్డి మీద పడుకుని కాళ్లు చాపుతూ వ్యాయామం మొదలుపెట్టాడు. కొన్ని నిమిషాల దాకా ఇంకెవరూ రాలేదు. తర్వాత జపాన్‌కు చెందిన కోకిచి త్సుబురాయా రెండో స్థానంలో లోపలికొచ్చాడు, స్టేడియం హోరెత్తింది. అతని వెనకే వచ్చిన బ్రిటన్ వాడు బేసిల్ హీట్లీ ఆ ఆఖరి చుట్టులో, సొంత జనం కళ్లముందే, అతన్ని దాటేశాడు. తేడా 3.6 సెకన్లు. విజేత వెంటే కెమెరాలన్నీ తిరిగి ఉంటే ఇదంతా గాలికి పోయేది. ఒక కెమెరా విజేతతో వెళ్లాలి, ఒకటి గీత దగ్గరే కదలకుండా చివరి మనిషి వచ్చేదాకా రికార్డు చేస్తూనే ఉండాలి. కార్డులో చోటు, బ్యాటరీ ఆ లెక్కన ముందే చూసుకోవాలి.

శబ్దం

శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. 130 మీటర్ల దూరంలో ఉన్న మీ కెమెరా మైకుకు పిస్తోలు చప్పుడు 0.38 సెకను ఆలస్యంగా చేరుతుంది. 25 ఫ్రేముల లెక్కన తొమ్మిదీ పది ఫ్రేముల మధ్య. బొమ్మలో పరుగు మొదలయ్యాక చప్పుడు వినిపిస్తే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేడు. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో చప్పుడు అంత ముందుగా వినిపించేలా శబ్దాన్ని జరిపేయండి. ఆరంభం దగ్గర వేరే రికార్డర్ పెట్టనిస్తే ఇంకా మేలు.

చాలా కెమెరాలు ఎక్కువ ఫ్రేములు తీసేటప్పుడు శబ్దం రికార్డు చేయవు. అందుకని స్లో మోషన్ కెమెరా ఉన్నచోట ఇంకో రికార్డర్ తప్పనిసరి. ప్రతి వేదికలోనూ ఏమీ జరగనప్పటి జనసందడి రెండు నిమిషాలు పట్టుకోండి. ఈతకొలను ప్రతిధ్వని కుస్తీ హాలుకు అతకదు, ఒకే హోరును సినిమా అంతా వాడితే ముప్పావుగంటకే చెవులు అలసిపోతాయి. స్టేడియం స్పీకర్లలో మోగే పాటలతో ఇంకో తలనొప్పి. అవి మీ సహజ శబ్దంలోకి దూరితే ఆ పాట హక్కులు కూడా కొనాల్సొస్తుంది. పాట ఆగిన క్షణాల కోసం కాచుకోండి.

వెయిట్‌లిఫ్టింగ్‌ను చూడండి. పేరు పిలిచాక బార్ ఎత్తడానికి ఒక్క నిమిషం, 30 సెకన్లు మిగిలాయనగా హెచ్చరిక మోగుతుంది. ఆ నిమిషంలో సుద్దపొడి గిన్నె, బెల్టు బిగించే చప్పుడు, ముక్కుతో పీల్చే గాలి, బార్ చుట్టూ వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకోవడం. కోతల్లేకుండా పూర్తి నిమిషం తెరమీద ఉంచితే హాలంతా ఊపిరి బిగబడుతుంది. ఆ తర్వాత బార్ కిందపడే మోతకు రికార్డులో శబ్దం పగిలిపోతుంది కాబట్టి, అదే శబ్దాన్ని 12 డెసిబెల్స్ తగ్గించి రెండో ట్రాక్‌లో రికార్డు చేయండి.

మిక్స్‌డ్ జోన్‌లో, అంటే పోటీ అయ్యాక ఆటగాళ్లు విలేకరులను దాటుకుంటూ వెళ్లే దారిలో, నిమిషమో నిమిషంన్నరో దొరుకుతుంది. "ఎలా అనిపిస్తోంది?" అని పక్కవాళ్లు ఎలాగూ అడుగుతారు. మీరు "చివరి చుట్టులో మీకు ఏం వినిపించింది?" అని అడగండి. ఒళ్లు గుర్తుంచుకున్న సంగతి అడిగితే కంఠతా పట్టిన జవాబు రాదు.

ఎడిటింగ్

320 గంటలు రోజుకు ఆరు గంటల చొప్పున చూస్తే 53 రోజులు దాటుతుంది. చూడటానికే. రీఫెన్‌స్టాల్ దగ్గర పోగుపడిన ఫిల్ము సుమారు 4 లక్షల మీటర్లు, సినిమా విడుదలైంది ఆటలు ముగిసిన ఇరవై నెలలకు, 1938 ఏప్రిల్‌లో. కాబట్టి మూడు నెలల్లో సినిమా ఇస్తానని మాటివ్వకండి.

అన్ని కెమెరాల గడియారాలూ ఉదయం, మధ్యాహ్నం కలపండి. అన్ని కెమెరాలకూ ఒకే సమయం అందించే టైమ్‌కోడ్ పరికరం లేకపోతే సెకన్లు చూపే ఫోన్ గడియారాన్ని ప్రతి కార్డు మొదట్లో తీయండి. ఫైలు పేరులో తేదీ, వేదిక, ఆట, కెమెరా, కార్డు సంఖ్య ఉండాలి. సెకనుకు 10 మెగాబిట్ల ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన కాపీలు, చేస్తే మొత్తం 1.44 టీబీ, 2 టీబీ ఎస్‌ఎస్‌డీలో సినిమా అంతా జేబులో పెట్టుకుని తిరగొచ్చు. చూసేటప్పుడు మూడే గుర్తులు: ఉండాల్సిందే, ఉంటే బాగుంటుంది, సమాచారం. ఐదు నక్షత్రాల పద్ధతి పెట్టుకుంటే అన్నిటికీ మూడు నక్షత్రాలొస్తాయి.

కూర్పులో ఆటల వారీగా వెళితే పాఠ్యపుస్తకం, రోజుల వారీగా వెళితే వార్తలు. ఎదురుచూపు, శ్రమ, ఫలితం, ఆ తర్వాతి ఖాళీతనం అనే నాలుగు స్థితులకు నాలుగు రంగుల కార్డులు రాసి గోడకు పెట్టండి. ఒకే రంగు మూడుసార్లు వరసగా వస్తే అక్కడ సినిమా కుంగుతుంది. ఆట చూపించే పద్ధతి కూడా మారుతుండాలి. ఒక పరుగును నిశ్శబ్దంలో స్లో మోషన్‌తో చూపిస్తే, తర్వాతి పరుగు అసలు ట్రాక్ చూపకుండా కోచ్ ముఖం మీదే నడవొచ్చు.

ప్రారంభోత్సవం ఇరుకున పెడుతుంది. ఒలింపిక్స్‌లో 206 జట్లకు తలా ఐదు సెకన్లు ఇస్తే 17 నిమిషాలు అక్కడే పోతాయి. నడక మొత్తాన్ని నాలుగు నిమిషాల్లో తేల్చి, ఇద్దరు ముగ్గురే వచ్చిన జట్టు దగ్గర మాత్రం ఆగండి. ఎనభై నిమిషాల ప్రాంతంలో ఎలాగూ సినిమా నెమ్మదిస్తుంది. ఆటలు తెలియని పదిమందిని కూర్చోబెట్టి చూపించండి. సినిమా ఎలా ఉందని అడగొద్దు. చేయి ఫోన్ మీదికి వెళ్లిన నిమిషం రాసుకోండి, ముగ్గురి చేతులు ఒకే చోట వెళితే ఆ భాగాన్ని తీసేసి చూడండి. అయినా కుదరకపోతే చెడిపోయి ఉండేది సాధారణంగా దానికి ముందున్న సన్నివేశం.

పేర్లు, ఫలితాలు

తెరమీద పేరు కనీసం మూడు సెకన్లు. పేరు ఎలా పలకాలో ఆ మనిషినే అడిగి రికార్డు చేసుకోండి. దేశాల కోడ్లు ఆన్‌లైన్ పట్టిక నుంచి దించుకుంటే తప్పులొస్తాయి. జర్మనీకి ఒలింపిక్ కోడ్ జీఈఆర్, అంతర్జాతీయ ప్రామాణిక కోడ్ డీఈయూ. స్విట్జర్లాండ్‌కు ఎస్‌యూఐ, సీహెచ్ఈ. రెండు రకాలూ కలిపి వాడిన టైటిళ్లను ఆటలు తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఫలితం మాత్రం ఎడిటింగ్ అయిపోయినా స్థిరపడదు. పోటీ అయిన నిమిషంలో బోర్డు మీద కనిపించేది తాత్కాలిక ఫలితమే, ఫిర్యాదుతోనో అనర్హతతోనో మారొచ్చు. దాచి ఉంచిన డోపింగ్ నమూనాలను పదేళ్ల దాకా మళ్లీ పరీక్షించే వీలు నిబంధనల్లో ఉంది. నాలుగో స్థానంలో నిలిచిన మనిషికి ఏళ్ల తర్వాత పోస్టులో పతకం అందిన సందర్భాలున్నాయి. అందువల్ల "స్వర్ణ విజేత" అన్న మాట వ్యాఖ్యానంలో, సన్నివేశం మధ్యలో చొప్పించకండి. గీత ఎవరు ముందు దాటారో బొమ్మే చూపిస్తుంది. పతకాల వివరాలన్నీ ఏ తేదీ నాటివో రాసి చివరి టైటిళ్లలో ఒకే కార్డుగా పెట్టండి. ఆ కార్డు ప్రాజెక్టు ఫైలును అసలు ఫుటేజ్‌తోపాటే మూడు చోట్లా భద్రపరచండి, మార్పు వచ్చిన రోజున అదొక్కటే తిరగరాయాల్సి ఉంటుంది.